సంపన్నులూ పన్నులూ
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊరి పేరులోనే సత్రమున్నది. బాటసారికి నీడ, నీరు, ఒక పూట అన్నం వెల లేకుండా లభించే చోటును సత్రమన్నారు. కలిగినవారు లేనివారి కోసం కట్టించిన ఇల్లు అది. దక్షిణాదిన సత్రాల ప్రస్తావన వస్తే తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చే పేరు మధుర నాయక రాజ్యాన్ని 17వ శతాబ్ది చివర మనుమని పక్షాన పాలించిన రాణి మంగమ్మ. ఆమె వేయించిన బాటలను ఈ ప్రాంతంలో ఇప్పటికీ మంగమ్మాళ్ శాలై అంటారు. మధుర రైలు స్టేషను ఎదుట ఉన్న సత్రం ఆమె పేరునే ధరించి నిలిచి ఉన్నది. ఆమెను స్మరించేవారు ఆమె దానగుణాన్ని కొనియాడుతారు. అందులో తప్పు లేదు. కాని ఆ బాటలకూ సత్రాలకూ వ్యయమైన ధనం రాజ్యపు బొక్కసంలోనిది. రైతు కొలిచిన శిస్తు, వర్తకుడు చెల్లించిన సుంకం అందులో ఉన్నాయి. రాణి చేతి మీదుగా వచ్చినప్పుడు దానిని దానమన్నారు, ప్రజల చేతి నుండి వెళ్లినప్పుడు పన్నన్నారు.

సంపన్నులు నేడు చెల్లిస్తున్న దానికంటే అధికంగా పన్ను చెల్లించవలెనా అన్న ప్రశ్న ఢిల్లీ బడ్జెట్టు నాడు మాత్రమే చర్చకు వచ్చే విషయం కాదు. 75 ఏండ్లు నిండిన ఒక పాఠశాలలో ఈ ప్రశ్న ప్రతి గోడ మీదా ఉన్నది. తమిళనాట ఏ సహాయ పాఠశాలకు వెళ్లినా ప్రవేశద్వారం పక్కన శిలాఫలకాలు కనిపిస్తాయి. ఫలానావారు ఈ గదిని, ఫలానావారు ఈ బావిని, ఫలానావారు తమ తండ్రిగారి జ్ఞాపకార్థం ఈ మండపాన్ని ఇచ్చారని వాటి మీద చెక్కి ఉంటుంది. ఆ గదిలో నిలబడి పాఠం చెప్పే ఉపాధ్యాయుని నెలజీతం మాత్రం ప్రభుత్వ ఖజానా నుండి వస్తుంది. గోడ దాతది, జీతం ఖజానాది. గోడను ఒకసారి కడితే 50 ఏండ్లు నిలుస్తుంది. జీతం నెలనెలా అందవలసిందే. దానికి శిలాఫలకం లేదు. చెక్కవలసి వస్తే ఎవరి పేరు చెక్కాలో కూడా తోచదు.

రాజపాళయం ప్రాంతంలో దానానికి కొదువ లేదు. విజయనగర కాలం నుండి దక్షిణానికి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు పాడి పంటలలోనూ, తరువాత నూలు మిల్లులలోనూ, పరిశ్రమలలోనూ సంపాదించి, అందులో కొంత విద్యకూ వైద్యానికీ ఇవ్వడం ఆచారంగా వచ్చింది. 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించిన శ్రీ పి.ఎస్. కుమారస్వామి రాజా గారు రాజపాళయంలోని తమ స్వగృహాన్నే గాంధీ కళామందిరానికి సమర్పించారు. అధికారంలోకి వచ్చి ఇల్లు కట్టుకున్నవారు పలువురు ఉన్నారు. ఉన్న ఇంటిని ఇచ్చివేసినవారు అరుదు. అటువంటి దాతలు పుట్టిన చోట సంపన్నుల మీద పన్ను హెచ్చించాలని వాదించడం కొందరికి కృతఘ్నతగా తోచవచ్చు. “ఇస్తూనే ఉన్నాము గదా, ఇంకా లాక్కోవడమెందుకు?” అన్న మాట వారి నోట వస్తుంది. ఆ మాటకు సమాధానం చెప్పవలసిన అవసరమున్నది.

దానం ఎక్కడ ఆగుతుందో ఈ జిల్లా చరిత్రే చెబుతుంది. విరుదునగరంలో జన్మించిన శ్రీ కామరాజు గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలైనది. తొలినాళ్లలో దానికి ఆధారం ఊరివారి చందాలే. ఒకరు బియ్యం, మరొకరు కూరగాయలు, ఇంకొకరు వంటచెరకు తెచ్చి ఇచ్చారు. విద్యాశాఖాధిపతి నె.దు. సుందరవడివేలు గారు 1958 నుండి ఊరూరా పాఠశాలాభివృద్ధి సభలు జరిపించి బల్లలు, గడియారాలు, గదులు దానంగా రాబట్టారు. అది గొప్ప ఉద్యమమే. అయితే దాతలున్న ఊరిలో పిల్లవాడు తిన్నాడు. దాతలు లేని ఊరిలో? పంట ఎండిన ఏడాది పిల్లవాని ఆకలి ఎక్కువ, దాత గాదెలో గింజలు తక్కువ. దానం అవసరమైన నాడే దానం తరిగిపోతుంది. అందుకే ఆ పథకం నానాటికీ ఖజానా మీదికి మారక తప్పలేదు. 1982లో శ్రీ ఎం.జి. రామచంద్రన్ గారి ప్రభుత్వం దానిని విస్తరించినప్పుడు అంత డబ్బు ఎక్కడిదని ఆక్షేపించినవారు ఉన్నారు. 2022లో ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు అల్పాహారం కూడా మొదలై, 2024లో గ్రామీణ సహాయ పాఠశాలలకు అందింది. నేడు ఆ అన్నం పిల్లవాని హక్కు. తెచ్చిన చెయ్యి ఎవరిదో తెలియని అన్నాన్ని పిల్లవాడు తల వంచకుండా తినగలడు. పన్నుకు దానం మీద ఉన్న ఆధిక్యమిదే.

మరి ఆ ఖజానాను ఎవరు నింపుతున్నారు? దీనికి సత్రపట్టికి మించిన పాఠ్యపుస్తకం లేదు.

ఈ ఊరి మరమగ్గాల మీద నేసిన పల్చని తెల్లగుడ్డ దేశమంతటి ఆసుపత్రులలో గాయాలకు కట్టుగా మారుతుంది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినప్పుడు ఈ బ్యాండేజి గుడ్డ మీద 12 శాతం పన్ను పడింది. దానికి ముడిసరుకైన నూలు మీద 5 శాతమే. 2025 సెప్టెంబరు 22 నుండి గుడ్డ మీది పన్ను కూడా 5 శాతానికి దిగింది. అంటే ఎనిమిదేండ్లకు పైగా, కాలు విరిగిన కూలివాడు కొన్న కట్టు మీదా, అదే రోజు కారు ప్రమాదంలో గాయపడిన కోటీశ్వరుడు కొన్న కట్టు మీదా పన్ను ఒక్కటే. గాయానికి పేద గొప్ప తేడా లేదు, సరే. ఇద్దరి జేబులలో తేడా ఉన్నది గదా! కూలివానికి ఆ కట్టు ఒక పూట కూలిలో భాగం. రెండవవానికి లెక్కలోకి రాదు. వస్తువు మీద వేసే పన్ను కొన్నవాని ముఖం చూడదు. అది ఆ పన్నుకు సౌలభ్యమూ, దోషమూ కూడా.

ఈ మార్గం మద్రాసు రాష్ట్రానికి కొత్త కాదు. 1937లో రాజాజీ గారి ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రవేశపెట్టినప్పుడు ఎక్సైజు ఆదాయం తరిగింది. ఆ లోటు పూడ్చడానికే 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. ఉద్దేశం పవిత్రమైనదే. కాని కల్లు తాగనివాడు కూడా ఉప్పూ పప్పూ కొనేవాడే కనుక భారం చల్లగా అందరి మీదికి జరిగింది. ఒకసారి రుచి మరిగిన పన్నును ఏ ప్రభుత్వమూ వదలలేదు. మద్యనిషేధం పోయినా అమ్మకపు పన్ను పోలేదు.

ఈ సభలోని తల్లిదండ్రులలో పలువురు తాము పన్ను కట్టేవారము కామని అనుకుంటారు. 2025 బడ్జెట్టు తరువాత కొత్త విధానంలో సాలుకు 12 లక్షల రూపాయల వరకు ఆదాయమున్నవారికి ఆదాయపు పన్ను లేదు కనుక ఆ భావన సహజమే. అయినా సబ్బు కొన్న ప్రతిసారీ, చెప్పులు కొన్న ప్రతిసారీ, ఫోనుకు డబ్బు వేసిన ప్రతిసారీ వారు పన్ను కట్టినవారే. పన్ను కట్టేవారు కొద్దిమంది, తినేవారు దేశమంతా అన్న మాట పట్టణాల డ్రాయింగు గదులలో తరచు వినవస్తుంది. ఆ మాట అనేవారు కిరాణా కొట్టు రసీదును ఒకసారి తిప్పి చూడవలెను.

ఇక సంపన్నుల మీద నేరుగా వేసే పన్ను చరిత్ర. ఇక్కడ వాదం అంత సులభం కాదు. ఆ ప్రయోగం ఈ దేశంలో జరిగింది, పెక్కు చోట్ల విఫలమైంది. దానిని దాచి వాదించడం న్యాయం కాదు.

1953లో వారసత్వపు ఆస్తి మీద ఎస్టేటు సుంకం వచ్చింది. 1956లో కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ భారత ప్రభుత్వ ఆహ్వానం మీద వచ్చి నివేదిక ఇచ్చారు. ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 45 శాతానికి తగ్గించండి, దానితో పాటు సంపద మీద, వ్యయం మీద, కానుకల మీద, మూలధన లాభాల మీద మితమైన పన్నులు వేయండి, ఒకచోట దాచినది మరొకచోట బయటపడుతుంది అని ఆయన సలహా. శ్రీ టి.టి. కృష్ణమాచారి గారు ఆర్థికమంత్రిగా 1957లో సంపద పన్ను, వ్యయ పన్ను తెచ్చారు. 1958లో కానుకల పన్ను వచ్చింది. కాని కాల్డార్ చెప్పిన మాటలో సగమే పాటించారు. కొత్త పన్నులు వచ్చాయి గాని పాత రేట్లు ఆయన చెప్పినంతగా దిగలేదు. ఆ తరువాతి కాలంలో పైకే పోయాయి. వైద్యుడు పథ్యం మార్చి మందిస్తే, పథ్యం విడిచి మందు మాత్రం రెట్టింపు మింగినట్లయింది.

1973–74 నాటికి సర్‌చార్జితో కలిపి ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 97.75 శాతం. పై మెట్టులో సంపాదించిన ప్రతి నూరు రూపాయలలో సంపాదించినవానికి మిగిలేది రెండు రూపాయల పావలా. సంపద పన్ను కూడా కలిస్తే కొందరికి పన్ను ఆదాయాన్నే మించింది. దాని ఫలితమేమిటో అప్పటి వ్యాపార కుటుంబాల పెద్దలకు తెలుసు. రెండు లెక్కల పుస్తకాలు పెట్టడం, ఇల్లు అమ్మితే సగం ధర పత్రంలోనూ సగం సంచిలోనూ చేతులు మారడం ఆ రోజులలో మర్యాదస్తుల అలవాటుగా మారిపోయింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి వాంఛూ గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1971 డిసెంబరు నివేదికలోనే హెచ్చు రేట్లు ఎగవేతకు ప్రధాన కారణమని చెప్పి, గరిష్ఠ రేటు 75 శాతానికి దించమన్నది. 1974–75లో అది 77కు, 1976–77లో 66కు, 1985–86లో 50కి దిగింది. 1997లో అప్పటి శివగంగ లోక్‌సభ సభ్యుడు, ఆర్థికమంత్రి శ్రీ పి. చిదంబరం గారు 30కి దించారు.

ఎస్టేటు సుంకం గతి మరీ విచారకరం. ఒక దశలో దాని రేటు 85 శాతం దాకా వెళ్లింది. 1985లో శ్రీ వి.పి. సింగ్ గారు దానిని రద్దు చేస్తూ చూపిన కారణం, వసూలు సుమారు 20 కోట్ల రూపాయలు మాత్రమేనని. అంత పెద్ద దేశంలో, అంత పెద్ద రేటు మీద, 20 కోట్లు! కానుకల పన్ను 1998లో పోయింది. 2015లో శ్రీ అరుణ్ జైట్లీ గారు సంపద పన్నును కూడా రద్దు చేశారు. 2013–14లో దాని వసూలు 1,008 కోట్లని చెప్పి, దానికి బదులుగా కోటి రూపాయలు దాటిన ఆదాయం మీద 2 శాతం అదనపు సర్‌చార్జి వేస్తే 9,000 కోట్లు వస్తాయని లెక్క చూపారు. ఈ చివరి లెక్క గమనింపదగినది. సంపన్నుని మీద వేసిన పన్నంతా వ్యర్థమన్న వాదాన్ని అది నిలువనీయదు. గడబిడ పన్ను పోయి సూటి పన్ను వస్తే అదే సంపన్నుని నుండి ఎక్కువే వచ్చింది.

2019లో 5 కోట్లు దాటిన ఆదాయం మీద 37 శాతం సర్‌చార్జి పడి గరిష్ఠ రేటు 42.74 శాతానికి చేరింది. 2023లో కొత్త విధానంలో సర్‌చార్జిని 25 శాతానికి పరిమితం చేయగా అది 39 శాతానికి తగ్గింది. నిజానికి రేటు కంటే పెద్ద తేడా ఆదాయపు రకంలో ఉన్నది. 24 లక్షలు దాటిన జీతం మీద 30 శాతం. స్టాకు మార్కెట్టులో ఏడాదికి మించి ఉంచిన షేర్లు అమ్మగా వచ్చిన లాభం మీద, 2024 జూలై నుండి 12.5 శాతం. కష్టపడి సంపాదించిన రూపాయికి పన్ను ఎక్కువ, కూర్చుండగా పెరిగిన రూపాయికి తక్కువ. జీతగాని పన్ను జీతం చేతికి రాక ముందే కోతపడుతుంది. మహాసంపన్నుని ఆస్తి అమ్మనంత కాలం లాభమే పుట్టదు, పన్నూ పుట్టదు. ఇది ఎగవేత కాదు, చట్టమే. కనుకనే మార్చవలసింది కూడా చట్టాన్నే.

ఇంకొక తలుపు ఈ ప్రాంతానికి దగ్గరది. వ్యవసాయాదాయం కేంద్ర ఆదాయపు పన్నుకు వెలుపల ఉన్నది. రాజ్యాంగం దానిని రాష్ట్రాలకు వదిలింది. నాలుగు కుంటల రైతుకు ఆ రక్షణ న్యాయం. వందల ఎకరాల తోటలున్నవారికి కూడా అదే రక్షణ ఎందుకు? 1972లో కె.ఎన్. రాజ్ సంఘం పెద్ద కమతాల మీద పన్ను సూచించింది. ఏ పార్టీ ప్రభుత్వమూ సాహసించలేదు. రాజపాళయం మామిడి రుచి గురించి ఎవరికీ వివాదం లేదు. మామిడితోట ఆదాయం గురించి మాట్లాడితే మాత్రం సభలో నిశ్శబ్దం ఆవరిస్తుంది.

థామస్ పికెటీ తదితరులు 2024 మార్చిలో ప్రకటించిన అధ్యయనం ప్రకారం 2022–23లో భారతదేశపు ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న నూటికి ఒక్కరి చేతిలో ఉన్నాయి. ఈ అంచనాల పద్ధతిని ఆక్షేపించేవారు ఉన్నారు. అయినా సగానికి సగం తగ్గించి చూసినా ఆ అంకె చిన్నది కాదు. అదే సంవత్సరం బ్రెజిల్ అధ్యక్షతన జి-20 దేశాలు చర్చించిన సూచన ఒకటున్నది. ప్రపంచంలోని సుమారు 3,000 మంది శతకోటి డాలర్ల అధిపతులు తమ సంపదలో కనీసం 2 శాతమైనా పన్నుగా చెల్లించాలని ఆర్థికవేత్త గాబ్రియేల్ జుక్మన్ చేసిన సూచన అది. ఒక దేశం పన్ను వేస్తే ధనం మరొక దేశానికి తరలిపోతుందన్న భయానికి విరుగుడుగా అందరూ కలిసి వేయమన్నారు. ఆ భయం ఉత్తది కాదు. నార్వేలో సంపద పన్ను హెచ్చించిన తరువాత కొందరు ధనికులు స్విట్జర్లాండుకు మకాం మార్చారు. అయితే మరమగ్గాన్ని, మామిడితోటను, సిమెంటు కర్మాగారాన్ని పెట్టెలో సర్దుకుని విమానమెక్కడం ఎవరికీ సాధ్యం కాదు.

పన్ను ఎంత ఉండవలెనన్న విచారం ఈ నేలకు కొత్త కాదు. సంగకాలపు తమిళ కవి పిసిరాందైయార్ పాండ్యరాజుకు చెప్పిన హితవును ఇక్కడి విద్యార్థులు ఎరుగుదురు. కోసి ముద్దలు చేసి పెడితే చిన్న మడిలోని ధాన్యం ఏనుగుకు చాలా రోజులు వస్తుంది, ఏనుగే మడిలో దిగితే తిన్నదానికంటే తొక్కినదే ఎక్కువ అన్నది దాని భావం. 97.75 శాతం నాటి ఏనుగు మడిలో దిగినదే. పొరుగున ఉన్న శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి కథను తెలుగు కావ్యంగా రచించిన శ్రీకృష్ణదేవరాయలు, ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో, చెరువులూ కాల్వలూ తవ్వించి, పేదవాని విషయంలో శిస్తు దగ్గర ఉదారంగా ఉంటే అర్థమూ ధర్మమూ రెండూ పెరుగుతాయని చెప్పించాడు. సామ్రాజ్యాన్ని ఏలినవాడు అనుభవంతో చెప్పిన మాట అది. పేదకు సడలించమన్నాడు, కాని చెరువు మానుకోమనలేదు. చెరువు తవ్వక తప్పనప్పుడు, పేదకు సడలించిన భాగాన్ని పూరించవలసినవారు కలిగినవారే.

సంపన్నులు అధికంగా ఇవ్వవలసిందేనన్నది ఈ విచారణలో తేలుతున్నది. అది 1973 నాటి రేటు రూపంలో కాదు. జీతం మీది పన్నుకూ లాభం మీది పన్నుకూ ఉన్న దూరాన్ని తగ్గించి, పెద్ద తోటల తలుపు తెరిచి, పెద్ద వారసత్వాల మీద మితమైన రేటు వేసి, వచ్చిన మేరకు కట్టుగుడ్డ వంటి వాటి మీద పన్ను దించడం మార్గం. 2025లో కట్టుగుడ్డ మీద తగ్గిన 7 శాతం ఎక్కడినుండో పూడ్చుకోవలసిందే గదా.

మళ్లీ శిలాఫలకం వద్దకు వస్తే, అక్కడ పూర్వ విద్యార్థులు గమనింపదగిన లెక్క ఒకటున్నది. పాత పన్ను విధానంలో ఉన్న దాత, గుర్తింపు పొందిన విద్యాసంస్థకు నూరు రూపాయలు ఇస్తే, సాధారణంగా అందులో 50 రూపాయలు అతని పన్ను పడే ఆదాయం నుండి తగ్గుతాయి. 30 శాతం మెట్టులో ఉన్నవానికి దాని వల్ల 15 రూపాయల పన్ను మిగులుతుంది. దాత స్వయంగా భరించినది 85 రూపాయలు. మిగిలిన 15 రూపాయలు ఖజానాకు రావలసి, రాకుండా ఆ గోడలో కలిసినవి. దాత ఔదార్యానికి ఇందులో లోటేమీ లేదు. తరగతిగది కట్టించిన దాత పేరు ఫలకం మీద ఉండవలసిందే. దాని కింద మిగిలి ఉన్న చోటులో, చిన్న అక్షరాలతోనైనా, కట్టుగుడ్డ కొన్నవారి పేరు కూడా ఉండదగును.